'ఏం కూర' దాకా వచ్చిన పాట

మాస్టారు పోయిన సంగతి నాకు వాట్సప్ గ్రూపులో తెలిసింది. ఆ కబురుకు సరిగ్గా పైన ఎవరో పెట్టిన మటన్ బిర్యానీ ఫోటో. కింద "ఐన్ ఖాలిద్‌లో బెడ్ స్పేస్ ఉంది, శాకాహారులు మాత్రమే" అన్న ప్రకటన. ఆ రెంటి మధ్యా ఇరుక్కుని మాస్టారు. గ్రూపులో దండం బొమ్మలు వెయ్యి పడ్డాయి. నిజానికి గ్రూపులో ఉన్నదే రెండు వందల మందిమి. ఒకాయన బిర్యానీకి పెట్టబోయిన బొటనవేలు మాస్టారి చావుకు పెట్టేసి, అరగంట పోయాక చూసుకుని తీసేశాడు.

వెయ్యి అన్నానా? మాస్టారే ఉంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. "తమ్మీ, నువ్వు ఎంత చెప్తే అండ్ల సగం తీసి పెట్టుకుంట నేను" అనేవారు. ఆరేళ్ళ పరిచయంలో నేను చెప్పిన ప్రతి అంకెనూ సగం చేశారు. నా వయసు కూడా. అది మాత్రం నేను అభ్యంతరం పెట్టలేదు.

నేను ఖతర్ దేశంలో, దోహాలో, ఏసీలు బాగుచేసే కంపెనీలో స్టోర్ కీపర్ని. మాది భీమవరం వైపు. ఓ రోజు ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాకు వెళ్ళాను, మా వాళ్ళు బిగించిన కంప్రెసర్ మా స్టోర్ నుంచి పోయినదేనా కాదా అని తేల్చడానికి. గేటు లోపల రైలు పెట్టె అంత కారు ఆగి ఉంది. ఇంజను ఆపేసి ఉంది. కుడివైపు ఇండికేటర్ మాత్రం టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. లోపల ఒక పెద్దాయన, గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, కళ్ళు మూసుకుని స్టీరింగును రెండు చేతులతో నిలువునా పట్టుకుని వేళ్ళు ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. గుండె నొప్పేమోనని అద్దం మీద కొట్టాను.

"భాయ్, ఇండికేటర్ ఆన్‌లో ఉంది."

కళ్ళు తెరవలేదు. "ఉండనీ. తీస్తె తాళం పోతది."

అదీ మొదటి మాట. తర్వాత తెలిసింది, ఆ ఇండికేటర్ ఆయనకు పక్కవాయిద్యమని. సల్వా రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు కుడివైపు ఇండికేటర్ వేసుకుని నేరుగా పోయిన మనిషి ఈ దేశంలో ఆయన ఒక్కరే. వెనకవాళ్ళు ఆయన తిరుగుతాడని ఆగి, ఆగి, హారన్లు కొట్టి, చివరికి వాళ్ళే తిరిగిపోయేవారు. "గీ దేశంల ఫ్రీగ దొరికే తబలా గిదొక్కటే తమ్మీ" అనేవారు.

ఆయనది జగిత్యాల దగ్గర. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ ఊదారు, అందులో ఇరవై ఏళ్ళు బ్యాండు ఆయనదే, అందుకే అందరికీ మాస్టారు. ఇరవై నలుగురు మనుషులు, ఎర్రకోట్లు, బంగారు తాళ్ళు. తెలుగిళ్ళ పెళ్ళిళ్ళకూ ఆయనే, తురకోళ్ళ బరాత్‌లకూ ఆయనే. "మేం తెలుగు మాట్లాడే తురకలం గదా, రెండు దిక్కుల నుంచి తిట్లు తిన్న" అనేవారు. డీజే డబ్బాలు వచ్చాక బ్యాండు పోయింది. కోట్లు పోయాయి, డోళ్ళు పోయాయి, మనుషులు తలో దిక్కు పోయారు. ఊళ్ళో అందరూ "దుబాయ్ పో" అన్నారు. మా వాళ్ళకు గల్ఫంతా దుబాయే. దుబాయ్ అనుకుని ఖతర్‌లో దిగారు, యాభై దాటాక, హౌస్ డ్రైవరుగా. క్లారినెట్ పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నారు. మొదటి ఎండాకాలంలోనే ఏసీ గాలికి అది నిలువునా నెర్రె విచ్చింది. ఊదితే పాముకు జలుబు చేసినట్టు బుస్సుమనేది. అప్పటి నుంచి స్టీరింగే క్లారినెట్టు.

ఆయన బాధ క్లారినెట్టు పోయినందుకు కాదు.

"నలభై ఏండ్లు ఊదిన తమ్మీ. అండ్ల ఒక్క పాట నాది గాదు. పెండ్లికొడుకు దోస్తులు చిట్టీ రాసిస్తరు, గా సిన్మ పాటే ఊదాలె. లేకుంటే సీసాలు ఇసురుతరు. నాదంటు ఒక్కటి చెయ్యాలె. చేసి, ఒక్కపారి, ఒక్కటంటె ఒక్కపారి, మందితోని ఇనాలె. గంతే."

ఈ పిచ్చి ఆయనకు ముందు నుంచీ లేదట. తెచ్చిపెట్టింది బెల్జియం ఉస్తాద్.

ఈ ఉస్తాద్ సంగతి చెప్పాలి. విల్లాలో చిన్నమ్మాయికి పియానో నేర్పడానికి అల్ రయ్యాన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. బెల్జియం దేశం, అందులోనూ ఫ్లెమిష్ మాట్లాడే వైపు. వారానికి రెండుసార్లు ఆవిడను తీసుకురావడం, దింపి రావడం మాస్టారి డ్యూటీ. ఆవిడ పుట్టిన ఊళ్ళోనే ఎప్పుడో నూటయాభై ఏళ్ళ కిందట ఒక సంగీతకారుడు ఉండేవాడట. ఆయన జీవితం మీద ఆవిడ పుస్తకం రాస్తోంది. రాసింది వినేవాళ్ళు ఆవిడ ఇంట్లో లేరు. ఈయన దొరికాడు. ఆవిడ ఇంగ్లీషూ ఈయన ఇంగ్లీషూ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. అయినా మూడేళ్ళలో ఆ సంగీతకారుడి బతుకు మొత్తం వెనక సీట్లోంచి ముందు సీట్లోకి దిగిపోయింది.

ఆ పేరు మాత్రం మాలో ఎవరి నోటా పట్టలేదు. అందులో అచ్చుల కంటే హల్లులు పాతిక ఎక్కువ. అందుకని మాస్టారు "మా ఉస్తాద్" అనేవారు. ఆయన కథ చెబితే మాత్రం మేనమామ కథ చెప్పినట్టే ఉండేది.

"ఉస్తాద్ నాయిన కాలువ మీద తలుపులు తీసి మూసేటోడు. పడవ అస్తె తియ్యాలె, పోతె ముయ్యాలె. ఆదివారం చర్చిల బాజా వాయించేటోడు. పోరడు గా తలుపుల సప్పుడు ఇనుకుంట పెరిగిండు. పెద్దగై పారిస్ పోయిండు, పెద్ద డ్రామా కట్టిండు. గాడ కంపినీ ఓనర్ ఏమన్నడు? వచ్చే ఏడు ఆడిస్తమన్నడు. వచ్చే ఏడు గూడ వచ్చే ఏడే అన్నడు. గట్ల ఏడేండ్లు. మరి తిండెట్ల? వేరేటోళ్ళ తమాషాలకు బ్యాండు ముందట పుల్ల ఊపుకుంట కూసున్నడు. ఇగ నాతోని గాదని ఇంటికి మర్లి వచ్చిండు."

"వచ్చి?"

"వచ్చి సూస్తె ఊళ్ళ పెద్దోళ్ళంత ఫ్రెంచి మాట్లాడుతున్రు. పాటలన్ని ఫ్రెంచిల. ఉస్తాద్‌కు మండింది. మా అమ్మ నన్ను తిట్టిన భాషల పాట ఎందుకుండద్దన్నడు. కాలువ మీద పాట కట్టిండు. ఎయ్యి మందితోని పాడించిండు. పడవలోళ్ళు, చేపలోళ్ళు, తలుపులు తీసేటోళ్ళు. అందరితోని!"

వెయ్యి మంది అన్నప్పుడు మాత్రం సగం తియ్యనిచ్చేవారు కాదు. పైగా నేను పదిమంది తగ్గించి చెప్పినా కోపం వచ్చేది.

ఈ ఉస్తాద్ మా అందరి ప్రాణాలకూ వచ్చి పడ్డాడు. ఏం జరిగినా మాస్టారిది ఒకటే మాట: "ఉస్తాద్‌కు గూడ గిట్లనే అయ్యింది." సెలవు దొరకలేదంటే ఉస్తాద్‌కూ దొరకలేదు. పప్పు మాడిందంటే ఉస్తాద్‌కూ మాడింది. పక్క విల్లాలో వంట చేసే రాజంపేటాయన ఒకడు ఉండేవాడు, నోరు తెరిస్తే మంట. ఓసారి పన్ను నొప్పితో చెంప వాచి వస్తే మాస్టారు ఓదార్చబోయారు.

"ఉస్తాద్‌కు గూడ..."

"ఏమప్పా, మీ ఉస్తాద్‌కు పై పన్నా, కింద పన్నా? అది చెప్పి మాట్లాడు. నాకు కింద పన్ను. పై పన్నయితే ఆ ఓదార్పు నాకొద్దు" అన్నాడు రాజంపేటాయన.

మాస్టారు, "మేడమ్‌ను అడిగి చెప్త" అన్నారు. నిజంగా అడిగారు కూడా. ఆవిడ ఏం చెప్పిందో గానీ మళ్ళీ పళ్ళ ఊసెత్తలేదు.

ఇంతకీ పాట. మూడేళ్ళు స్టీరింగు మీద వేళ్ళాడించి ఆయన కట్టిన పాట నలభై ఒక్క నిమిషాలు. ఇరవై నలుగురు బ్యాండు, వంద గొంతులు కావాలి. మాటలు ఎవరు రాశారని అడిగితే, "నువ్వే రాసినవ్" అన్నారు.

"నేనా?"

"నువ్వు, నేను, రాజంపేటాయిన, అందరం. శుక్రవారం శుక్రవారం ఫోన్‌ల ఏం మాట్లాడుతున్నం? గదే పాట. మనోళ్ళకు వేరే పాట యాడిది?"

అంతే. పాటంతా ఫోన్లో ఇంటివాళ్ళతో మేం మాట్లాడే మాటలే. సగం మంది అడుగుతారు, సగం మంది చెబుతారు.

తిన్నవా?
తిన్న.
ఏం కూర?

ఆ తర్వాత వాన వడ్డదా, పానం ఎట్లున్నది, బర్రె ఈనిందా, పోరి బడికి పోతున్నదా. చిట్టచివర వంద గొంతులూ "పైలం", అంటే జాగ్రత్త, అంటాయి. అంటూ ఒక్కొక్కటే తగ్గిపోయి, ఒక్క గొంతు మిగిలి, అదీ ఆగిపోతుంది, లైను కట్టయినట్టు.

'ఏం కూర' తర్వాత మాత్రం ఆయన నోరు మూసి వేళ్ళు గాల్లో ఆపేవారు. ఇండికేటర్ రెండుసార్లు టిక్కుమనేది. నేను మరిచిపోయారేమో అనుకున్నాను.

"మరువలే. గాడ రెండు దెబ్బలు ఖాళీ. ఏం కూర అని ఇంటిది అడిగింది. వీడు ఉత్త ఖుబూస్ రొట్టె మజ్జిగల ముంచుకొని తిన్నడు. గది చెప్తె ఆమె ఏడుస్తది. ఏం చెప్పాల్నా అని ఆలోచిస్తడు సూడు, గా రెండు దెబ్బలు. గాడున్నది తమ్మీ పాట. మిగిలిందంత ఉత్త సప్పుడు."

"ఆ తర్వాత?"

"అటెన్క వందమంది ఒక్కటేపారి 'చికెన్!' అంటరు."

నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

వంద గొంతుల కోసం ఒకసారి ప్రయత్నం జరిగింది. శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు అల్ వక్రా సముద్రం ఒడ్డున రిహార్సల్ అని గ్రూపులో పెట్టారు. వందమందికి పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు చేపలు కొనడానికి వచ్చి చిక్కుకున్నవాళ్ళు. మాస్టారు పాత ఎర్రకోటు వేసుకుని వచ్చారు. అది కూడా పెట్టెలో బట్టల మధ్యే వచ్చిందని అప్పుడు తెలిసింది. ఖతర్ ఎండలో మెడదాకా గుండీలు పెట్టుకుని, భుజాన బంగారు తాడుతో నిలబడితే, అక్కడికొచ్చిన ఒక పెద్దమనిషి ఆయన్ను హోటలు దర్వాజా దగ్గరి మనిషి అనుకుని కారు తాళం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మాస్టారు ఆ కారును తీసుకెళ్ళి నీడలో పెట్టి, ఆ తాళం తిరిగి ఇచ్చి వచ్చి, "ఊఁ, షురూ" అన్నారు.

షురూ కాలేదు. మాస్టారు "తిన్నవా" అని పాడి అందుకోమన్నారు. రాజంపేటాయన "తింటివా" అని అందుకున్నాడు.

"తింటివా కాదు, తిన్నవా" అన్నాడు నిజామాబాద్ నుంచి వచ్చిన డ్రైవరు.

"మాయమ్మ తింటివా అనే అడుగుతాది. మీయమ్మ కోసరం మాయమ్మ మాట మార్చుకోవల్నా?"

"నీ ఒక్కని కోసం తాళం ఆగుతదా?"

"ఆగనీ. ఆకలి ఆగిందే, తాళమెంత?"

మాస్టారు చెయ్యెత్తారు. "ఎవల అమ్మ ఎట్ల అడుగుతదో గట్లనే పాడుండ్రి. ఉస్తాద్ గూడ గట్లనే పాడించిండు." తీర్పు బాగుంది. నేను ఎలాగూ "తిన్నావా" అనేవాణ్ణి. ముగ్గురమ్మలూ ఒకేసారి బయల్దేరారు. నా చెవికి మాత్రం అది మంగలి షాపులో మూడు టీవీలు పెట్టినట్టుంది.

రెండోసారి ఎత్తుకోబోతుంటే నాలుగయింది. మనకు నాలుగంటే ఇంటి దగ్గర ఆరున్నర, పొయ్యి మీద అన్నం పడేసి ఫోను చేతికి తీసుకునే వేళ. శుక్రవారం. ఒక ఫోను మోగింది. రెండోది మోగింది. పదకొండూ మోగాయి. రిహార్సల్‌కు ముహూర్తం పెట్టిన మహానుభావులం, ఆ వేళకు ఎవరమూ ఎక్కడా ఉండమని ఒక్కరికీ తట్టలేదు. ఎవరి ఫోను వాళ్ళు చెవికి పెట్టుకుని తలో పక్కకీ నడిచి, ఒడ్డు పొడుగునా చీమల్లా చెదిరిపోయారు.

"హలో, ఆఁ, తిన్న. నువ్వు తిన్నవా?"

"ఏం కూర?"

"వాన పడిందా అక్కడ?"

మా ఆవిడ ఫోను నాకూ వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని వెనక్కి చూశాను. మాస్టారు రెండు చేతులూ ఎత్తి ఉన్నారు. ఆ చెదిరిపోయిన పదకొండు మందికీ తాళం వేస్తున్నారు. ఎడమ చెయ్యి రాజంపేటాయన వైపు, కుడి చెయ్యి నిజామాబాద్ వైపు. ఎర్రకోటు చంకల్లో తడిసి నల్లబడింది. అలా ఐదు నిమిషాలు వేశారు. ఐదు అంటే ఐదే, ఇందులో సగం తియ్యనక్కర్లేదు. తర్వాత చేతులు దించేశారు.

నేను దగ్గరికి వెళ్ళాక, "ఒక్కడు గూడ తాళంల లేడు తమ్మీ" అన్నారు. మళ్ళీ రిహార్సల్ పెట్టలేదు.

ఆ వేసవిలోనే పియానో టీచరమ్మ కాంట్రాక్టు అయిపోయింది. ఎయిర్‌పోర్టుకు మాస్టారే తీసుకెళ్ళి దింపాలి. దారిలో ఆవిడ ఉస్తాద్ కథలో ఆఖరి ముక్క చెప్పిందట: కాలువ పాట వెయ్యి మందితో పాడింది ఒక్కసారే. రెండోసారి ఎవరూ పాడలేదు. ఉస్తాద్ పోయాడు. కాగితాలు ఏదో గ్రంథాలయంలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఆ పెట్టెలు ఇన్నాళ్ళలో విప్పింది ఆవిడ ఒక్కతే.

"ఉన్నయ్ గద మేడమ్ కాయితాలు?" అన్నారట మాస్టారు.

"ఉన్నాయి."

"మంచిది. నాకు పాట కాయితం మీద పెట్టుడు రాదు."

ఆవిడ ఏమనుకుందో, సంచీలోంచి స్వరాలు రాసుకునే ఐదుగీతల కాగితం ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని, పాడమంది. ఈయన ఇండికేటర్ వేసుకుని కూనిరాగం తీశారు. ఆవిడ రాసింది, మళ్ళీ పాడమంది, కొట్టేసింది, రాసింది. ఎయిర్‌పోర్టు వచ్చేస్తోంది. పాట ఇంకా 'ఏం కూర' దగ్గరే ఉంది. మాస్టారు రౌండెబౌట్ చుట్టూ నాలుగుసార్లు తిప్పారు. ఐదోసారికి ఆవిడ వాచీ చూసుకుని భుజం మీద చెయ్యి వేసిందట.

"ఇంకొక్క చుట్టు తిప్పనిస్తె 'వాన వడ్డదా' అయిపోతుండె" అని ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నారో. యాభైసార్లు. సరే, పాతిక.

రాసిన కాగితం ఆయనకే ఇచ్చి, మిగతాది రికార్డు చేసి పంపితే రాసి పెడతానని చెప్పి నంబరిచ్చి వెళ్ళింది. ఆ నంబరు ఖతర్ సిమ్ముది. మేమందరం చేసే తప్పే అది. దేశం విడిచిపోయే మనిషి దగ్గర ఈ దేశం నంబరు రాసుకుంటాం. రెండు నెలల్లో అది ఇంకెవరికో పోతుంది. మాస్టారు ఫోన్ చేస్తే ఎవరో అరబ్బీలో విసుక్కుని పెట్టేశారు.

అప్పటికే ఆయన గొంతు గీరుకుపోతోంది. డాక్టరు గొంతులో కండ పెరిగింది, తియ్యాలన్నాడు. తీశాక గొంతు ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు. మాస్టారు నా గదికి వచ్చారు.

"తమ్మీ, నీ ఫోన్ల పట్టు. నా దాంట్ల జాగ లేదు, అంత మనుమరాలు వీడియోలే. ఒక్కటి గూడ తియ్యబుద్ది గాదు. గొంతు పోకముందే పాట బయటపడాలె. అటెన్క టీచరమ్మ దొరుకుతదో, ఇంకొకలు దొరుకుతరో."

మూడు శుక్రవారాలు. వక్రా రేవు పక్కన కారు ఆపి, ఏసీ చప్పుడు పడుతుందని ఏసీ ఆపి, గాలి చప్పుడు పడుతుందని అద్దాలెత్తి. నా ఒంట్లో ఉన్న నీళ్ళన్నీ సీటు తాగేసింది, నేను సగానికి సగం కరిగి చేపలవాళ్ళు ఉప్పు చల్లి ఎండబెట్టుకోవడానికి పనికొచ్చేలా తయారయ్యాను. ఆయనకు చెమటే పట్టలేదు. ఫోను డాష్‌బోర్డు మీద పెట్టుకుని, ఇండికేటర్ వేసి, క్లారినెట్టు వంతు క్లారినెట్టులా, డోలు వంతు డోలులా, వందమంది వంతు ఒక్క గీరుగొంతుతో, నలభై ఒక్క నిమిషాలూ పాడారు. ఆఖరి "పైలం" అయ్యాక ఇండికేటర్ ఆపేశారు. ఆరేళ్ళలో ఆయన దాన్ని కావాలని ఆపడం అప్పుడే చూశాను.

"అయిపోయింది తమ్మీ. ఇగ నా గొంతుతోని పనిలేదు. కోసుకోనీ."

తర్వాతి వారం నేను వెకేషన్‌కు వెళ్ళాను. గల్ఫు నుంచి ఇంటికి వెళ్ళేవాడికి మూడు ధర్మాలు: ఖర్జూరం, టైగర్ బామ్, బావమరిదికి పాత ఫోను. వెళ్ళే ముందు కొత్త ఫోను కొని, పాతదాన్ని తుడిచి, ఫార్మాట్ కొట్టి, డబ్బాలో పెట్టి ఇవ్వాలి. నా పాత ఫోన్లో ఏడు వేల ఫోటోలున్నాయి. అన్నీ జాగ్రత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాను. రొయ్యల వేపుడు ఫోటోలు, సూర్యాస్తమయాలు, ఎవరిదో తెలియని మోచెయ్యి. "అన్నీ వచ్చాయా సార్?" అని షాపతను మూడుసార్లు అడిగాడు. లెక్క చూసుకున్నాను. ఏడు వేలూ వచ్చాయి. కొట్టెయ్యి అన్నాను.

పాట ఫోటోల్లో ఉండదు. అది రికార్డింగుల్లో ఉంటుంది.

భీమవరంలో నాలుగో రోజున గుర్తొచ్చింది, భోజనం మధ్యలో. బావమరిది చేతిలోంచి ఫోను లాక్కున్నాను. అప్పటికే అందులో కోడిపందేల వీడియోలు నిండి ఉన్నాయి. ఊళ్ళో చూపించాను, తిరిగొచ్చి దోహాలో చూపించాను. ఒక మలయాళీ, ఒక బంగ్లా, ఒక నేపాలీ, ముగ్గురూ ఒకే అరబ్బీ మాట చెప్పారు: మాఫీ. లేదు. పోయింది.

నేను తిరిగొచ్చేసరికి మాస్టారికి ఆపరేషన్ అయిపోయింది. మెడకు తెల్లటి గుడ్డ. గొంతు లేదు. గాలి ఒక్కటే వస్తోంది, నెర్రె విచ్చిన క్లారినెట్టులోంచి వచ్చినట్టే. నన్ను చూడగానే వేలితో నా చొక్కా జేబు మీద రెండుసార్లు కొట్టారు. ఉన్నదా?

"ఉంది మాస్టారూ" అన్నాను. "నలభై ఒక్క నిమిషాలూ ఉంది."

కళ్ళతో నవ్వి, అరచెయ్యి నిలువుగా పెట్టి గాల్లో రెండు ముక్కలు చేశారు. అందులో సగం తీసేస్తా.

సగం ఉంటే బాగుండునని నాకెంత అనిపించిందో. పావు ఉన్నా చాలును. పెంచి చెప్పడంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. ఏమీ లేనిదాన్ని నలభై ఒకటి చేశాను చూశారా, అది నా బతుకులో పెద్ద లెక్క.

అప్పటి నుంచి కలిసినప్పుడల్లా జేబు మీద రెండు దెబ్బలు. నేను తలూపేవాణ్ణి. చెబుదామని ఆ ఒడ్డుకే రెండుసార్లు తీసుకెళ్ళాను, టీ తాగి వచ్చేశాం. మూడు నెలలకు విల్లావాళ్ళు వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేశారు. గొంతులేని డ్రైవరును ఫోన్లో పిలిస్తే పలకడు కదా, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. వెళ్ళే రోజు ఆ ఐదుగీతల కాగితం నా చేతిలో పెట్టారు. ఐడీ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నారు దాన్ని, మడతల దగ్గర చిరుగు పడుతోంది. జేబు మీద రెండు దెబ్బలు కొట్టి, కాగితం చూపించి, రెండు వేళ్ళు దగ్గరికి చేర్చారు. రెండూ కలిపితే పూర్తవుతుందని.

ఈ శుక్రవారం నాలుగింటికి వక్రా ఒడ్డున ఉండగా తెలియని ఇండియా నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అన్నా, సలామ్. నేను జగిత్యాల నుంచి. మా అబ్బా మీ దోస్తు గదా, బ్యాండు..."

మాస్టారి కూతురు. "చెప్పమ్మా" అన్నాను.

"అబ్బా పోయే ముందట కాయితం మీద మీ నంబర్ రాసిచ్చిండు అన్నా. ఆయిన పాట మీ కాడ ఉన్నదట. నలభై రోజుల ఫాతెహాకు, మీ పెద్దకర్మ లెక్క, అందరు అస్తున్రు. అబ్బా చేతికింద వాయించినోళ్ళు గూడ పదిమంది అస్తమన్నరు. ఫాతెహా అయినంక ఇంటి ముందట కూసొని ఒక్కపారి ఇందామని. ఒక్కపారి మందితోని ఇనాలె అని మస్తు అనేటోడు."

"పెద్ద ఫైలమ్మా అది" అన్నాను. "వెళ్ళడం లేదు."

"జెర జెర కోసి పంపుండ్రి అన్నా. మేం అతికించుకుంటం."

ఒడ్డు పొడుగునా మనుషులు ఫోన్లలో ఉన్నారు. ఎప్పటిలాగే ఒక్కడూ తాళంలో లేడు. ఇంకో అబద్ధం కోసం వెతికాను. వెతికితే దొరికేవే, నాకెప్పుడూ కొరత లేదు. నోరు తెరిచాక మాత్రం వేరేది వచ్చింది.

"లేదమ్మా. పాట లేదు. నా చేతులతో నేనే చెరిపేశాను. ఫోను మా బావమరిదికి ఇవ్వబోతూ చూసుకోలేదు. మీ నాన్నకు చెప్పలేదు. ఉందనే చెప్పాను, చివరిదాకా."

 అవతల గిన్నెల చప్పుడు, ఎవరో పిల్ల ఏడుపు.  లైను కట్టయితే బాగుండుననుకున్నాను.

"ఉన్నదనే అనుకొని పోయిండు గద అన్నా" అంది చివరికి.  ముక్కు చీదిన చప్పుడు. తిడుతుందని చూశాను. తిట్టలేదు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు మావాళ్ళెవరైనా ఏమంటారో అదే అంది.

"తిన్నవా అన్నా?"

"తిన్నానమ్మా."

"ఏం కూర?"

రెండు దెబ్బలు ఆగాను. టీచరమ్మ రాసిన కాగితం అక్కడితో అయిపోతుంది.